నూరు శాతం వార్డు

"వచ్చే నెల ఏడో తేదీ ఉదయం పది గంటల పది నిమిషాలకు పదకొండో వార్డులో తట్టు అనే వ్యాధి శాశ్వతంగా అంతమవుతుంది."

ఈ ప్రకటన టైపు చేసింది నేనే. ఒక జబ్బుకి ఇంత ముందుగా నోటీసిచ్చే మర్యాద మరే పరిశోధనా కేంద్రానికీ లేదని మా డైరెక్టర్‌గారు అన్నారు. నాకూ నిజమే అనిపించింది.

మాది ప్రపంచ ప్రజారోగ్య, టీకాల పరిశోధనా కేంద్రం. నేనందులో ఇరవై ఆరేళ్లుగా టైపిస్టుని. ప్రపంచం మరీ పెద్దది కాబట్టి ముందు పదకొండో వార్డుతో మొదలుపెట్టాం. అది మా కాంపౌండు గోడ వెనకే ఉంటుంది. జీపు కూడా అక్కర్లేదు. మా ఇల్లూ అక్కడే.

ఆరోగ్యశాఖ మంత్రిగారు మొదటిసారి మా కేంద్రానికి వచ్చినప్పుడు, కుర్చీలో కూర్చుంటూనే ఒక లోతైన ప్రశ్న వేశారు.

"కవరేజ్ ఎంత?"

"అరవై ఒక్క శాతం సార్," అన్నారు డైరెక్టర్‌గారు. నూరుమంది పిల్లల్లో అరవై ఒక్కమందికి టీకా అందిందని ఆయన భావం.

"అదేమిటి, మిగతా పేపర్లవాళ్లని పిలవలేదా?"

డైరెక్టర్‌గారు విదేశాల్లో చదువుకున్న మనిషి. వెంటనే అర్థం చేసుకున్నారు. పిలుస్తామన్నారు. ఆ పూటతో మా పరిశోధన దిశే మారిపోయింది.

వార్డులో ఇంకా టీకా పడని పిల్లలు రెండు వందల పన్నెండు మంది. వాళ్లందరికీ ఒకే రోజున, మంత్రిగారి సమక్షంలో టీకా వెయ్యాలని తీర్మానించారు. చిక్కల్లా మా వార్డు క్లినిక్‌లో ఉన్న నర్సమ్మతో వచ్చింది. ఆవిడ ప్రతి బుధవారం ఎవరికీ చెప్పాపెట్టకుండా ఇరవై ముప్ఫై మంది పిల్లలకి టీకాలు వేసేస్తోంది. ఇలాగే వదిలేస్తే పిల్లలందరూ అయిపోతారని డైరెక్టర్‌గారికి కంగారు పుట్టింది. ఆవిడని పిలిపించి, తన చేతులతో టీ కలిపిచ్చి మరీ నచ్చజెప్పారు.

"మంత్రిగారు వచ్చేసరికి వెయ్యడానికి పిల్లలుండాలి కదమ్మా. అప్పటిదాకా ఆపండి."

"తట్టు ఆగుతుందా సార్?"

"దానికీ ఏడో తేదీ అనే చెప్పాం కదా."

నర్సమ్మ టీ ముట్టుకోకుండా వెళ్లిపోయింది. ఉన్నత విద్య లేకపోతే ఇంతేనని డైరెక్టర్‌గారు బాధపడ్డారు.

ఆ వారమే మా మనవరాలికి తొమ్మిదో నెల నిండింది. తట్టు టీకా సరిగ్గా అప్పుడే వెయ్యాలి. మా అమ్మాయి దాన్ని ఎత్తుకుని క్లినిక్‌కి వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది.

"నువ్వు టైపు చేసిన కాగితం చూపించి పంపేశారు నాన్నా," అంది. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మా వెనక సందులో అప్పటికే ఇద్దరు పిల్లలకి ఒళ్లంతా దద్దుర్లు పేలాయి. ఒకడిని ఆసుపత్రిలో చేర్చారు. మా అమ్మాయి ఆ వైపు కిటికీలన్నీ మూసేసింది. సిగ్గు విడిచి డైరెక్టర్‌గారి గదిలోకి వెళ్లి, మా పిల్లకి మాత్రం ముందుగా వేయించమని అడిగాను. ఆయన కరిగిపోయారు.

"తప్పకుండా. మొదటి సూది మీ మనవరాలికే. ఫొటోలో కూడా పడుతుంది," అని జాబితాలో ఒకటో నంబరు వేశారు.

చెప్పకూడదు గానీ, కాస్త పొంగిపోయాను కూడా.

ఏడో తేదీ కాస్తా ఇరవై ఒకటికి మారింది. ఆరోగ్యశాఖ మంత్రిగారికి జలుబు చేసింది.

ఎట్టకేలకు ఇరవై ఒకటి వచ్చింది. మా వాళ్ల ఏర్పాట్లు చూసి తీరాలి. క్లినిక్‌లో ఉన్న ఒకే ఒక్క ఫ్రిజ్‌లోంచి టీకా సీసాలు తీసేసి, అందులో పూలగుత్తులూ మంత్రిగారి మంచినీళ్ల సీసాలూ సర్దారు. టీకా సీసాలని బయట షామియానా ముందు, బల్ల మీద, 'నూరు' అంకె ఆకారంలో పేర్చారు. అక్కడ వెలుతురు బాగుంటుందని ఫొటోగ్రాఫరు చెప్పాడు. నర్సమ్మ రెండుసార్లు వాటిని లోపలికి తీసుకెళ్లబోతే, రెండుసార్లూ అంకె చెడిపోతుందని ఆపారు.

పది గంటల పది నిమిషాలకి రావలసిన మంత్రిగారు రెండుంబావుకి వచ్చారు. వచ్చి, టీకాలని చల్లగా ఉంచడం ఎంత ముఖ్యమో గంటసేపు మాట్లాడారు.

"టీకా చల్లగా ఉండాలి, ప్రజలూ చల్లగా ఉండాలి," అన్నారు. చప్పట్లే చప్పట్లు. ఎండకి మూడు నిమిషాలకొకసారి ఆయన కోసం ఫ్రిజ్ తెరవాల్సి వచ్చింది.

తర్వాత సూది లేని సిరంజిని మా మనవరాలి తొడ దగ్గర పట్టుకుని ఫొటో దిగారు. పిల్లకి చక్కిలిగింత పుట్టి కిలకిలా నవ్వింది. 'చిరునవ్వుతో టీకా' అని మర్నాడు ఆరు పేపర్లూ రాశాయి.

మంత్రిగారి కార్లు వెళ్లాక నర్సమ్మ ఒక సీసా తీసి చూసింది. దాని మీద చిన్న చదరం ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది. అది బొగ్గులా ఉంది. అన్నీ అలాగే ఉన్నాయి.

"ఇవి పనికిరావు సార్. వీటిని నేను పిల్లలకి వెయ్యను."

"వెయ్యమని ఎవరన్నారమ్మా?" అన్నారు డైరెక్టర్‌గారు ఎంతో శాంతంగా. "పొద్దున్నే కంప్యూటర్లో రెండు వందల పన్నెండూ ఎక్కించేశాం. మీరు అలసిపోయారు, ఇంటికెళ్లండి."

అలా మా వార్డు నూరు శాతం అయింది. నర్సమ్మ కొత్త సీసాలు పంపమని రాస్తే, ఆ వార్డులో టీకా పడని పిల్లల పేరు ఒక్కటైనా చూపిస్తే పంపుతామని స్టోర్సువాళ్లు జవాబిచ్చారు. ఎక్కించిన పేర్లు తీసేద్దామంటే, నివేదిక అప్పటికే అంతర్జాతీయ సదస్సుకి వెళ్లిపోయింది. నూరు నుంచి కిందికి దిగడానికి కంప్యూటర్లో మీట లేదని డైరెక్టర్‌గారు చెప్పారు.

బుధవారం నేనూ అమ్మాయీ పిల్లని తీసుకుని క్లినిక్‌కి వెళ్లాం. నర్సమ్మ తెర మా వైపు తిప్పి చూపించింది. మా పిల్లకి టీకా పడినట్టు పచ్చగా వెలుగుతోంది.

"బాబాయ్‌గారూ, మీ మనవరాలికి కవల చెల్లెలుంది కదూ?" అంది నర్సమ్మ.

"లేదమ్మా, ఒక్కతే," అన్నాను. ఇరవై ఆరేళ్లుగా ఉన్నదున్నట్టు టైపు చేసే చేతులు నావి.

అమ్మాయి నా మోచేయి గిల్లింది. "ఉంది సిస్టర్. ఇంట్లో నిద్రపోతోంది. మా నాన్నకి మతిమరుపు."

నర్సమ్మ పేరడిగి రాసుకుంది. ఆ పేరు మీద వారానికల్లా సీసా వచ్చింది. మా పిల్ల సూది పడగానే వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నా జన్మలో వినలేదు. నా కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. వెనక వరసలో ఉన్నావిడ ముందుకి వంగి, "మాకూ కవలలే సిస్టర్," అంది. ఆవిడ వెనకావిడ కూడా అదే అంది.

నెల తిరిగేసరికి పదకొండో వార్డులో రెండు వందల పన్నెండు జతల కవలలు తేలారు.

ఇంత పెద్ద విషయం మా డైరెక్టర్‌గారి దృష్టిని దాటుతుందా! మంత్రిగారి సమక్షంలో టీకా పడిన ప్రతి బిడ్డకీ ఒక కవల ఉందని ఆయన గణాంకాలతో సహా కనిపెట్టారు. పరిశోధనా పత్రం నేనే టైపు చేశాను. సదస్సులో లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. మంత్రిగారు కవలల పరిశోధనా కేంద్రం మంజూరు చేసి, ప్రారంభోత్సవానికి తానే వస్తున్నానన్నారు.

నిన్న డైరెక్టర్‌గారు స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అదృష్టమంటే మీదేనండీ. ఆదివారం మీ మనవరాళ్లిద్దరినీ మంత్రిగారు చెరో చంకన ఎత్తుకుంటారు. ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లు వెయ్యండి. అన్నట్టు, ఆ రెండోదానికి టీకా పడిందో లేదో చూసుకోండి. టీకా లేని పిల్లని ఆయన చేతికిస్తే బాగుండదు."

"రెండోదానికే పడింది సార్," అన్నాను.

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, గౌన్లు గులాబీరంగువైతే ఫొటోలో బాగుంటాయన్నారు.