ఆఫీసరుగారి శుక్రవారం జీన్స్

టెక్సస్‌లోని పెకన్ రిడ్జ్ స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు మంగళవారం సాయంత్రం బడి భద్రత చూసే తన సొంత పోలీసు విభాగానికి చారిత్రాత్మకమైన కానుక ప్రకటించింది. విభాగమంటే ఆఫీసర్ వెర్నన్ టిడ్‌వెల్ ఒక్కడే. సర్వీసు పదకొండేళ్లు. శని, ఆదివారాలు ఫర్నిచర్ షాపు ముందు కాపలా కాస్తేగాని ఇల్లు గడవదు. పక్క స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఎక్కువ జీతమిస్తాం రమ్మన్నారు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. కానీ ఈ బళ్లో పిల్లలందరి పేర్లూ అతనికి నోటికొచ్చు. వదిలి వెళ్లడం ఇష్టంలేక ముందు వరసలో కూర్చుని ఆశగా విన్నాడు.

"ఇకనుంచి శుక్రవారాలు టీచర్లతోపాటు మన ఆఫీసరు కూడా జీన్స్ వేసుకోవచ్చు," అని సూపరింటెండెంట్ డాక్టర్ హ్యాచెట్ గద్గద స్వరంతో చదివారు. బోర్డు లేచి చప్పట్లు కొట్టింది.

"మేడమ్, జీతం సంగతి..."

"దీనికోసం టీచర్లు ఆరేళ్లు అర్జీలు పెట్టారు వెర్నన్. మీకు అడక్కుండానే ఇచ్చాం."

"నాది యూనిఫాం ఉద్యోగం కదండీ."

"అందుకేగా, దీని విలువ మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు."

యూనిఫాం లేనప్పుడు బ్యాడ్జీ, తుపాకీ ధరించరాదని నిబంధన. వెర్నన్ నిబంధనలు పాటించే మనిషి. శుక్రవారం పొద్దున రెండూ ఇంట్లో పెట్టి తాళం వేసి, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన జీన్స్‌తో బడికొచ్చి బెల్లు నొక్కాడు.

"బ్యాడ్జీ చూపించు నాయనా," అంది స్పీకర్లోంచి రిసెప్షన్‌లోని పెద్దావిడ మావిస్.

"నేను మావిస్, వెర్నన్‌ని."

"కనబడుతూనే ఉన్నావు. బ్యాడ్జీ లేనివాళ్లని ఆఫీసరు తనిఖీ చేశాకే లోపలికి పంపాలి."

"ఆ ఆఫీసర్ని నేనే కదా."

"అయితే తొందరగా లోపలికొచ్చి, బయటికెళ్లి నిన్ను తనిఖీ చేసుకో. నాకు ఫోన్లు మోగుతున్నాయి."

ఇంతలో డాక్టర్ హ్యాచెట్ వచ్చి తలుపు పక్కన అతన్ని నిలబెట్టి ఫోటో తీశారు. "జీన్స్ భలే నప్పాయి," అని తన బ్యాడ్జీని తలుపు పక్క యంత్రానికి తాకించి, తలుపు తీసుకుని లోపలికెళ్లారు. తలుపు మూసుకుంది.

వెర్నన్ అక్కడే మెట్టుమీద కూర్చుని పక్క డిస్ట్రిక్ట్‌కి ఫోన్ చేశాడు.

"మీ దగ్గర శుక్రవారం జీన్స్ ఉన్నాయాండీ?"

"లేవండీ," అన్నాడు అవతలి మనిషి నొచ్చుకుంటూ. "మాకింకా అంత స్తోమత లేదు."

"సోమవారం చేరతాను."

మరుసటి నెల డిస్ట్రిక్ట్ పత్రికలో మొదటి పేజీ నిండా వెర్నన్ ఫోటో వేశారు. దానికింద ఇలా ఉంది: "జీన్స్ పథకం వచ్చాక మన పోలీసు విభాగంలో జీతం చాలదన్నవారు ఒక్కరూ లేరు."