పదకొండో మెట్టు మీద పెంటయ్య మీసం

శుక్రవారం పొద్దున పెంటయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ముఖానికి తువ్వాల చుట్టుకోవాలి. పన్ను నొప్పి అని చెప్పాలి. ఎవరితో మాట్లాడకుండా డ్యూటీ చేసి ఇంటికి రావాలి. ఇలా పదిహేను రోజులు గడిపితే మీసం మళ్లీ మొలుస్తుంది, పోయిందన్న సంగతి లోకానికి తెలియకుండా పోతుంది.

అది మామూలు మీసం అయితే ఇంత గోల ఉండేది కాదు. పెంటయ్య పటాన్‌చెరు బస్టాండులో దిగితే ముందు మీసం దిగేది, కండక్టరు రైట్ చెప్పబోయేవాడు, అప్పుడు మనిషి దిగేవాడు. దాని రెండు కొనల మీద రెండు నిమ్మకాయలు నిలబెట్టి సంగారెడ్డి దాకా సైకిల్ తొక్కాడని చెప్పుకునేవారు. నిమ్మకాయలు కాదు, బత్తాయిలు అని కూడా కొందరన్నారు. అలాంటి మీసం ఇప్పుడు కాగితంలో చుట్టి గూట్లో ఉంది.

"ఎట్లున్ననే?" అని అద్దం ముందు నిలబడి పెళ్లాన్ని అడిగాడు.

"పొట్టు దీసిన ఉల్లిగడ్డ లెక్కున్నవ్," అంది శివమ్మ. "గా దయ్యం కోసం మీసం దీసుకునుడేందయ్య? మీ నాయన జూస్తె ఊకుంటడా?"

"పదిహేను దినాలు ఊరి దిక్కే పోను. జెర తువ్వాల గట్టిగ కట్టు."

ఆ దయ్యం పేరు సువర్ణ. 'పదకొండో మెట్టు' అనే సీరియల్‌లో ఉండేది. దొరల కోటలాంటి పాత గడీలో దిగుడుబావి, బావికి పదకొండో మెట్టు, ఆ మెట్టు మీద కాలికి గజ్జె కట్టుకున్న సువర్ణ. ప్రతి గురువారం సాయంత్రం ఏడున్నరకు అది మొదలైతే పటాన్‌చెరు రోడ్డు మీద కుక్కలు కూడా ఏదో ఒక కిటికీ చూసుకుని కూర్చునేవి. ఆఖరికి మంత్రగాడు సువర్ణను రాగి చెంబులో బంధించి బావిలో వేశాడు, సీరియల్ అయిపోయింది. జనం ఊరుకోలేదు. దాంతో సీరియల్‌కు ఇంకో సీరియల్ పుట్టింది. గడీకి కాపలా ఉండే ముసలాయన్ని పట్టుకుని 'గడీ కావలి' అని తీశారు. మధ్యలో బస్టాండు దుకాణంలో అదే కథ బొమ్మల పుస్తకంగా కూడా వచ్చింది.

ఆ పుస్తకం కొన్నవాడు వీర్రాజు. రంగుల ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమస్తా, తణుకు మనిషి. పెంటయ్య అదే ఫ్యాక్టరీలో రంగు కలిపేవాడు. వీళ్లిద్దరికీ సువర్ణ దగ్గర పడేది కాదు.

"చచ్చిపోయిందయ్యా బాబూ! ఇదిగో, ఇరవయ్యో పేజీ. చెంబుతో సహా బూడిదైపోయింది. అచ్చులో ఉంది," అనేవాడు వీర్రాజు.

"అచ్చుల ఉంటె అయిపాయెనా? కదిలే బొమ్మ నిజమా, కదలని బొమ్మ నిజమా? టీవీల బూడిద జూపెట్టిన్రా? చెంబు నీళ్లల్ల పడ్డది, బుడగలొచ్చినయ్. బుడగలెందుకొస్తయ్ చెప్పు? లోపల పానం ఉంటెనే గద!"

"దయ్యానికి ప్రాణమేంటయ్యా?"

"గజ్జె జూడు. టీవీల ఎడమ కాలికున్నది. నీ పుస్తకంల కుడి కాలికేసిండు. కాలే తెల్వనోనికి చావు తెలుస్తదా?"

ఈ కాళ్ల గొడవలో ఒకరోజు నలభై డబ్బాల ఆకుపచ్చ రంగుకు ఎర్ర రంగు లేబుళ్లు అంటించారు. డబ్బాలన్నీ వెనక్కి వచ్చాయి. మేనేజరు చలపతిరావు తన కుర్చీ వెనక గోడకు నోటీసు అంటించాడు: డ్యూటీలో సీరియల్ గురించి మాట్లాడినవారిని ఉద్యోగంలోంచి తీసేస్తాం. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో సువర్ణ పేరు ఎత్తినవాడు లేడు. వీళ్లిద్దరు మాత్రం స్టోర్స్ గదిలో డబ్బాల వెనక నక్కి ఎత్తేవారు. అక్కడే పందెం పడింది. 'గడీ కావలి' మొదటి భాగంలో సువర్ణ వస్తే వీర్రాజు మీసం తీయాలి, రాకపోతే పెంటయ్య తీయాలి.

గురువారం సాయంత్రం ముసలి కావలివాడు లాంతరు పట్టుకుని బావి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అయిపోవడానికి ఐదు నిమిషాల ముందు పెంటయ్య బస్తీలో కరెంటు పోయింది. వీర్రాజు కాలనీలో పోలేదు. పెంటయ్య సైకిల్ మీద పరుగున వెళ్లేసరికి వీర్రాజు గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "పేర్లు కూడా పడిపోయాయి. రాలేదు." మాటంటే మాట. పెంటయ్య తిరిగొచ్చి బ్లేడు అడిగాడు.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దరాములు ఆపాడు. "తువ్వాల తియ్యన్న."

"పన్ను నొస్తున్నది రాములన్నా."

"పన్ను నాకెందుకు? ముఖం జూపి పో. ఆర్డరున్నది."

పెంటయ్య తువ్వాల దించాడు. పెద్దరాములు కుర్చీలోంచి లేచి నిలబడి టోపీ తీశాడు. ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తీశాడంటే ఇక తండ్రి లేడనే. నోటితో ఒకరు చెప్పనక్కరలేదు.

"ఎప్పుడైందన్న?" అన్నాడు పెద్దరాములు మెల్లగా.

పెంటయ్య అటూ ఇటూ చూశాడు. పందెం సంగతి వీడి దాకా పాకిందా! "నిన్న. ఎనిమిదింటికి."

"ఎట్లయింది?"

"అంత గా కరెంటు చేసిన పని," అన్నాడు పెంటయ్య చిరాగ్గా. చెయ్యి అలవాటుగా మీసం మెలేయడానికి పైకి లేచి, ఏమీ దొరక్క దిగింది. "ఎవ్వలికి చెప్పకు నీ కాల్మొక్త."

పెద్దరాములు ఎవరికీ చెప్పలేదు, గేటులోకి వచ్చినవాళ్లకు తప్ప. పెంటయ్య మూడు వందల అడుగులు నడిచి రంగుల షెడ్డుకు చేరేసరికి ఆయన తండ్రి ఎల్లయ్య బావి దగ్గర మోటరు కరెంటు కొట్టి చనిపోయాడు. టీ గంట కొట్టేసరికి ఎల్లయ్యతో పాటు ఒక బర్రె పోయింది. పదకొండింటికి రెండో బర్రె కూడా పోయింది. అది చూడి బర్రె.

బిహార్ నుంచి వచ్చిన కుర్రాడొకడు పెంటయ్య భుజం మీద చెయ్యేసి, "పితాజీ కా సునా భాయ్, బహుత్ బురా హువా," అన్నప్పుడు గానీ పెంటయ్యకు వెలగలేదు.

"ఎవలన్నరు? మా నాయన మంచిగున్నడు!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పాపం, దిమాక్ మీద పడ్డది. నీళ్లు తాపియ్యిన్రి," అన్నారు.

అంతలో మేనేజరు పిలిచాడు. చలపతిరావు ఎప్పుడూ లేనిది లేచి నిలబడ్డాడు. "పెంటయ్యా, ఇరవై ఏళ్ల సర్వీసులో నీలాంటి మనిషిని చూడలేదయ్యా. తండ్రికి నిప్పు పెట్టి తెల్లారేసరికి డ్యూటీకి వచ్చావు! ఒకటో తారీఖు దాకా ఎందుకు? ఇదిగో నీ పర్మినెంట్ కాగితం."

నాలుగేళ్ల నుంచి పెంటయ్య ఎదురుచూస్తున్న కాగితం అది. "సార్, మా నాయన సావలేదు సార్."

"అయితే మీసం ఏమైందయ్యా?"

పెంటయ్య నోరు తెరిచాడు. సరిగ్గా మేనేజరు తలకాయ మీదుగా నోటీసు కనబడింది. పందెం చెబితే సీరియల్ చెప్పాలి, సీరియల్ చెబితే కాగితం పోవడమే కాదు, ఉన్న కొలువు కూడా పోతుంది. నోరు మూసి తల వంచుకున్నాడు. చలపతిరావు కళ్లు తుడుచుకుని, గుమ్మంలో ఉన్న ప్యూనుతో "లారీ తీయమను. పూలదండ తెప్పించు. మనందరం వెళ్లి వాళ్లమ్మగారిని ఓదార్చి రావాలి," అన్నాడు.

వరండాలో వీర్రాజు ఎదురొచ్చాడు, ముఖం పాలిపోయి ఉంది. "నా పేరు చెప్పకయ్యా, నీకు పుణ్యముంటుంది."

"నువ్వు బతికి నా తండ్రిని సంపితివి గదనే!" అన్నాడు పెంటయ్య పళ్లు కొరుకుతూ.

లారీలో ఇరవై ఇద్దరు ఎక్కారు. వీర్రాజును కూడా లాగి ఎక్కించారు. ముందు డ్రైవరు, మేనేజరు మధ్యలో పెంటయ్య ఇరుక్కున్నాడు, ఒళ్లో బండి చక్రమంత దండ. దారిలో టైరు పేలాలని మొక్కుకున్నాడు, పేలలేదు. ఏ బర్రెల మందైనా అడ్డం రావాలని మొక్కుకున్నాడు, రాలేదు. రోజూ గుంతల్లో గంటసేపు ఈదే లారీ ఆనాడు సంగారెడ్డి దాటి కొండాపూర్ దాకా నేల తాకకుండా పోయింది. కొండాపూర్ దాటాక పెంటయ్య దారి సరిగ్గా చెప్పకపోతే డ్రైవరు రోడ్డు మీద మనిషిని అడిగాడు, ఆ మనిషి ఎల్లయ్య ఊరి క్షవరం నాగయ్యే. "మా ఎల్లయ్య పోయిండా? నాకు జెప్పకుండనే?" అని సంచితో సహా లారీ ఎక్కాడు.

ఎల్లయ్య ఇంటి ముందు మంచంలో కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. పక్కనే పెంటయ్య తల్లి నర్సింహమ్మ బియ్యం చెరుగుతోంది. లారీ దిగిన కొడుకు ముఖం చూసింది. చేట కింద పడేసి, "అయ్యో, నా మొగడు పాయెనే!" అని గుండెలు బాదుకుంది. మొగుడు జానెడు దూరంలోనే ఉన్నాడు. అయినా కొడుకు మూతికంటే సాక్ష్యం ఏముంటుంది?

చలపతిరావుకు ఎల్లయ్య ఎవరో తెలియదు. మంచం దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, ఎల్లయ్యగారి ఫోటో ఎక్కడ పెట్టారు?" అన్నాడు గద్గదంగా, దండ ఎత్తి.

"ఫోటోకెందుకయ్య? మనిషినే ఉన్న గద," అని ఎల్లయ్య మెడ వంచాడు.

చలపతిరావు చేతులు వాటంతట అవే దండ వేసేశాయి. నర్సింహమ్మ ఏడుపు సగంలో ఆగింది. ఎల్లయ్య దండ సర్దుకుని, మంచిగుందన్నట్టు చూసుకుని, అప్పుడు కొడుకు వైపు చూశాడు. మంచం కింద ఉన్న కట్టె చేతిలోకి వచ్చింది.

"ఓరి! నేను బతికుండంగనే నన్ను గొరిగినవారా!"

పెంటయ్య లారీ చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. నాలుగో చుట్టుకు ఊపిరి అందక మొత్తం కక్కేశాడు. పందెం, స్టోర్స్ గది, డబ్బాలు, ఇరవయ్యో పేజీ, అన్నీ. "సువర్ణ రాలేదు నాయనా! గందుకే తీసిన. నా కొలువు గూడ పాయె, ఇగ కొట్టు!"

మేనేజరు ముఖం వాళ్ల ఫ్యాక్టరీ ఎర్ర రంగులా అయింది. ఏదో అనబోయాడు. అంతలో ఎల్లయ్య కట్టె దించాడు.

"రాకపోవుడేందిరా? వచ్చింది గద."

ఇరవై ఇద్దరూ గాలి పీల్చడం మానేశారు.

"పేర్లు పడంగనే మీరంత టీవీ బందు జేస్తరు," అన్నాడు ఎల్లయ్య మంచం మీద కూర్చుంటూ. "మాది ట్రాక్టర్ బ్యాటరీ మీద నడిచే టీవీ. వైరు పీకాలె. నాకు మోకాళ్లు నొస్తయ్. మీ అమ్మ రొట్టెలు జేసి వచ్చిందాంక అది నడుస్తనే ఉంటది. నిన్న పేర్లన్ని అయినయ్. నల్లగయింది. ఇగ అయిపోయిందనుకున్న. అప్పుడు బావిలకెళ్లి ఒక కాలు పైకొచ్చింది. తడి కాలు. మెట్టు మీద పెట్టింది. ఘల్లుమన్నది."

"ఏ కాలు?" అన్నాడు చలపతిరావు ఒక్క ఉదుటున ముందుకొచ్చి.

"ఎడమ కాలు."

"చూశావా వీర్రాజూ!" మేనేజరు తొడ చరిచాడు. "మీ పుస్తకంవాడు కుడి కాలికి వేశాడు! నేను మొదటి నుంచీ మా ఆవిడతో అంటూనే ఉన్నాను, ఆ బుడగలు ఊరికే రాలేదు అని..." అక్కడ ఆగిపోయాడు. లారీ చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆయన్నే చూస్తున్నారు.

పెంటయ్య చెయ్యి లేని మీసం మీదికి వెళ్లింది. "సార్, టైమెంతయింది?"

"మూడున్నర."

"డ్యూటీ టైమే గద సార్?"

చలపతిరావు చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక, "ఆ నోటీసు రేపు తీసేయిస్తాను," అన్నాడు. "కానీ కాగితం సంగతేంటి? తండ్రి పోయినా డ్యూటీకి వచ్చాడని పైవాళ్లకు రాసేశాను. ఇప్పుడేమని రాయను?"

"తండ్రి బతికున్నా గూడ డ్యూటీకి వచ్చిండని రాయిన్రి," అన్నాడు ఎల్లయ్య. మేనేజరు ఆలోచించి, అందులో తప్పేమీ కనబడక, సరేనన్నాడు.

ఇక మిగిలింది నాగయ్య. సంచి విప్పి కత్తి నూరుతూ కూర్చున్నాడు, వచ్చినందుకు ఒక్క మూతైనా గీయకుండా పోయేలా లేడు. అందరి చూపులూ వీర్రాజు మీదికి తిరిగాయి. వీర్రాజు లారీ టైరుకు ఆనుకుపోయి రెండు చేతులతో మీసం కప్పుకున్నాడు. "వద్దండీ బాబూ! మా నాన్నగారు తణుకులో నిక్షేపంగా ఉన్నారండీ!"

"మా ఎల్లయ్య గూడ నిక్షేపంగనే ఉన్నడు గద సార్," అని నాగయ్య నీళ్లు చిలకరించాడు.

శనివారం పొద్దున వీర్రాజు తువ్వాల చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. లారీ వెళ్లినప్పుడు గేటు కాస్తూ ఉండిపోయి అసలు సంగతి ఇంకా వినని పెద్దరాములు ముఖం చూపించమన్నాడు, చూశాడు, లేచి నిలబడి టోపీ తీసి, పూలదండకు సైకిల్ మీద మనిషిని పంపించాడు.