శిరివెళ్లలో ఆగని విమానం

బుడేన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరివాళ్లు ఏడుగురితో కలిసి ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు పోయి, ఎల్లుండి జెడ్డా నుంచి వస్తున్న భార్య జాన్‌బీకి హైదరాబాదులో ఎదురెళ్లాలి, ఆళ్లగడ్డకు తెచ్చుకోవాలి. అంతే. తీరా ఆమె టికెట్టు కాపీ చేతిలోకి తీసుకున్నాడో లేదో, విమానం కంటే ముందు అనుమానం గాల్లోకి లేచింది.

ఆయన నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులో ముప్పై ఏళ్లు కండక్టరు. రోజంతా "రైట్ రైట్" అన్న మనిషి ఇంట్లో మాత్రం ఏనాడూ రైటు కాలేదు. పాతికేళ్ల కిందట ఆ దారిలోని శిరివెళ్లలో జాన్‌బీ టీకి దిగితే, చూసుకోకుండా బస్సు కదిలించిన పుణ్యం అది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఏ వాదం బయల్దేరినా శిరివెళ్లలో ఆగవలసిందే.

పక్కింటి రిటైర్డు టీచరు సంజీవయ్య దగ్గరికి పోయాడు. "సారూ, ఇది చూడప్పా. పోయేటప్పుడు ఎనిమిదికి ఎక్కి పదకొండుకు దిగింది. మూడు గంటలు. వచ్చేటప్పుడు పదికి ఎక్కితే దిగేది సాయంత్రం పావుతక్కువ ఆరుకంట. ఏడుముప్పావు! ఏందీ లెక్క?"

సంజీవయ్య అట్లాసు తెరిచి, రెండు ఊళ్ల మధ్య దారం పరిచి, స్కేలు పెట్టి కొలిచాడు. "నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. పోయినా అంతే, వచ్చినా అంతే. దారం సాగదు బుడేనన్నా."

"అయితే మధ్యలో యాడో ఆగుతాది."

"నాన్‌స్టాప్ అని రాసుండాది కదా?"

"మా బస్సుకూ రాసుండ్లా? శిరివెళ్లలో చెయ్యెత్తితే ఆపకుండా పోయినామా?"

సారు అట్లాసు మూసేశాడు.

బుడేన్‌కు జరగబోయేది కళ్లకు కట్టింది. ఏ ఎడారిలోనో ఆగుతుంది, జాన్‌బీ టీకి దిగుతుంది, ఎవడో "రైట్" అంటాడు. ఈసారి వెనక్కి పోయి తెచ్చుకుందామంటే ఆటో కూడా దొరకదు. వెంటనే ఫోను చేశాడు. "నీ వాచీలో పావుతక్కువ ఆరయ్యేదాకా సీటు ఇడ్సిపెట్టొద్దు. ఎవరు పిలిచినా దిగొద్దు. నీతో వచ్చినోళ్లకూ చెప్పు."

చెప్పిన రోజున వ్యానుతో, సారుతో విమానాశ్రయం ముందు నిలబడ్డాడు. విమానం టైముకే దిగిందని బోర్డు చెప్పింది. జనం వచ్చారు, పెట్టెలు వచ్చాయి. ఆళ్లగడ్డ మాత్రం రాలేదు. ముప్పావు గంట గడిచింది. అప్పుడు ఫోను మోగింది, జాన్‌బీ నుంచి.

"యాడుండావ్?"

"ఇమానంలోనే. ఎనిమిది మందిమీ కదల్లే. ఊడ్చేటోళ్లు వచ్చినారు, కాళ్లు పైకి పెట్టుకున్యాం. హైద్రాబాదు వచ్చింది దిగమని ఈ పిల్ల అంటాది. సీట్లు ఖాళీ చేయించేదానికి కండక్టర్లు ఎన్ని చెప్పరు? నా వాచీలో ఇంకా నాలుగే!"

ఆ పిల్ల, అంటే విమానంలో పనిచేసే అమ్మాయి, ఫోను అందుకుంది. "సార్, టికెట్టులో ఏ ఊరి టైము ఆ ఊరిదే. జెడ్డా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆవిడ వాచీ ఇంకా అక్కడే ఉంది."

పక్కనే చెవి పెట్టి విన్న సంజీవయ్య వేళ్లు మడిచాడు. పోయేటప్పటి మూడుకు రెండున్నర కలిపితే ఐదున్నర, వచ్చేటప్పటి ఏడుముప్పావులో అదే తీసేస్తే ఐదుంబావు; ఆ పావుగంట తేడా గాలివాటం. దారం సాగలేదు. సాగిందల్లా బుడేన్ భయమే.

"స్పీకరు పెట్టమ్మా," అన్నాడు బుడేన్. ఎనిమిది మందికీ వినబడేలా ముప్పై ఏళ్ల గొంతు విప్పాడు. "హైద్రాబాద్! ఆఖరి స్టాపు! ఆడి గడియారం వేరు, ఈడి గడియారం వేరు. లెక్క తప్పింది నేనే. అందరూ దిగల్ల!"

బయటికొచ్చిన జాన్‌బీ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "అప్పుడు దిగితే ఇడ్సిపెట్టి పోతివి. ఇప్పుడు దిగనే వద్దంటివి. ఏం మనిషివయ్యా?"

"మళ్లా యాడ పోగొట్టుకుంటానో అని బయమేసింది లే."

జాన్‌బీ వాచీ విప్పి, టైము సరిచెయ్యమని ఆయన చేతిలో పెట్టింది.

రాత్రి నంద్యాలలో చుట్టాలింట ఆగి, తెల్లారి బయల్దేరిన వ్యాను శిరివెళ్లలో టీకి నిలబడింది. బుడేన్ దిగి గ్లాసు అందుకునేలోగా లోపలి నుంచి "రైట్ రైట్" వినబడింది. జాన్‌బీ గొంతు. వ్యాను కదిలింది.

డ్రైవరు కొత్తవాడు, కండక్టరు మాట దాటలేదు.