పాస్‌వర్డులకు మార్కులు

ఇందిరాదేవికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన కంటపడ్డ ప్రతిదానికీ మార్కులు వేస్తాడు. పెళ్లయి ఇరవయ్యేళ్లయినా ఆమె సాంబారు పదికి ఆరున్నర దాటలేదు. చైతన్యపురిలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రామమోహనరావుకి చేతిలో ఎర్రపెన్ను లేకపోతే అన్నం సహించదు.

సకల జనుల సమ్మెతో కాలేజీకి తాళం పడి మూడు వారాలైంది. పరీక్షలు ఆన్‌లైన్‌లో పెడదామన్నాడు కరస్పాండెంటు. అన్ని సబ్జెక్టులూ శనివారమే. కంప్యూటర్లోకి దొంగలు చొరబడకుండా తోటి లెక్చరర్లకు జాగ్రత్తలు నేర్పే పని రామమోహనరావు నెత్తిన వేసుకున్నాడు. పరీక్ష సజావుగా జరిగితే ఆన్‌లైన్ ఇన్‌చార్జి పదవి ఆయనదే.

"ఏడుగురికి ఉప్మా చెయ్యి. జీడిపప్పు కనబడాలి," అన్నాడు గురువారం పొద్దున్నే.

"పదవి మీకూ, పోపు నాకూనా?" అంది ఇందిరాదేవి.

దిల్‌సుఖ్‌నగర్‌లోని వాళ్లింటి హాల్లో ఏడుగురూ చాప మీద కూర్చున్నారు. పాస్‌వర్డు కట్టుకున్నవాళ్లకి కూడా చెప్పకూడదని రామమోహనరావు గంటసేపు బోధించాడు. ఆ మాట దగ్గర వంటింటి వైపు చూశాడు కూడా. తర్వాత తెల్లకాగితాలు పంచాడు.

"ఎవరి పాస్‌వర్డు వాళ్లు రాయండి. పక్కకి చూడొద్దు. పది నిమిషాలు."

ఆరుగురు మోచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాశారు. లెక్కల సీతారాములు అడిషనల్ షీటు అడిగాడు. బస్సుల్లేక ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చిన తెలుగు లెక్చరర్ జ్యోతిక మాత్రం పెన్ను మూత తియ్యలేదు.

"ఖాళీ కాగితమేంటమ్మా?"

"ఎవ్వరికి చెప్పొద్దని గిప్పుడే అంటిరి గద సార్. మల్ల మీకెట్ల చెప్త?"

"నేను ట్రైనర్‌ని!" అని సున్నా చుట్టి, కింద రెండు గీతలు గీశాడు.

ఇందిరాదేవి జ్యోతిక ప్లేటులో ఇంకో గరిటెడు ఉప్మా వేసింది.

సాయంత్రానికి జాబితా తయారైంది. పేరు, పాస్‌వర్డు, మార్కులు. అందరికంటే పైన 'మాదిరి జవాబు' అని సొంత పాస్‌వర్డు, పదికి పది.

"ఏం చేస్తారు దీన్ని?"

"కాలేజీ గేటుకి అంటిస్తా. ఫలితాలు ఇంకెక్కడ పెడతారు? పదికి రెండు తెచ్చుకున్న సీతారాములుకి సిగ్గు రావాలి."

పాస్‌వర్డుల సంగతి భార్యలకి అనవసరమని పొద్దున్నే విని ఉంది కనుక ఇందిరాదేవి ఇంకేమీ అనలేదు. కాగితం గాలికి ఊడకుండా మైదా చిక్కగా ఉడికించి ఇచ్చింది.

కాలేజీ తెరిచారేమో చూద్దామని శుక్రవారం గేటు దగ్గరికి వచ్చిన పిల్లలు, చేరిన నాటినుంచీ మొదటిసారిగా శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. లెక్కల సిలబస్ సగం రద్దయిందని సీతారాములు పేరుతో తల్లిదండ్రులకు మెయిల్ వెళ్లింది. శనివారం పరీక్షలో అందరికీ నూటికి నూరు. ఫిజిక్స్‌లో ఒకడికి నూటపది. ఆ రోజే రామమోహనరావు రాజీనామా కరస్పాండెంటుకి చేరింది. అది రాసిన సంగతి రామమోహనరావుకే తెలియదు.

ఆదివారం కరస్పాండెంటు ఆ రాజీనామా ప్రింటు తీసుకుని ఇంటికొచ్చాడు. వెనకాలే జ్యోతిక. ఆమె పాస్‌వర్డు గేటు మీద లేదు కనుక తెలుగు మార్కులొక్కటే ఎవరూ మార్చలేకపోయారట.

"రాజీనామా ఒప్పుకున్నానండీ," అన్నాడాయన.

"నేనెప్పుడిచ్చానండీ!" అన్నాడు రామమోహనరావు.

"గిది సార్ రాసింది గాదు," అంది జ్యోతిక. "గా పాస్‌వర్డు గేటు మీదున్నది. ఎవరన్న రాయొచ్చు."

కరస్పాండెంటు కాగితం చింపాడు. ఇన్‌చార్జి పదవి జ్యోతికకి ఇచ్చాడు. రామమోహనరావు ఆమె దగ్గర మొదటినుంచీ నేర్చుకోవాలన్నాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు రామమోహనరావు చాప మీద కూలబడుతూ.

"వినపడలేదు," అంది వంటింట్లోంచి ఇందిరాదేవి.

"తప్పు నాదే!" అని అరిచాడు.

ఇందిరాదేవి ఆ ఒప్పుకోలుకి పదికి ఆరున్నర వేసింది.