పెట్రోలు ముట్టని కారు

పార్లమెంటులో తెలంగాణ బిల్లు పెట్టేదాకా తన కారు చుక్క పెట్రోలు కూడా ముట్టదని, తూర్పు నగర తెలంగాణ సాధన వేదిక అధ్యక్షుడు బిక్షమయ్య దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో మైకు పట్టుకుని ప్రకటించాడు. సకల జనుల సమ్మె రోజులవి. మనుషులు నిరాహార దీక్ష చేయడం దేశానికి కొత్త కాదు. వాహనం చేయడం మాత్రం ఇదే మొదటిసారి.

"నేనే కూసుందమనుకున్న. షుగరున్నది, డాక్టర్ వద్దన్నడు. అందుకే బిడ్డ లెక్క సాదుకున్న కారును ఉద్యమానికి ఇస్తున్న!" అన్నాడు బిక్షమయ్య గద్గద స్వరంతో.

చప్పట్లు మోగాయి. ఈ కారుకూ ఎన్నికల గుర్తులకూ ఎలాంటి సంబంధమూ లేదని ఆయన అక్కడికక్కడే ముందుచూపుతో వివరణ కూడా ఇచ్చాడు.

సరూర్‌నగర్‌లో స్టేడియం వెనక టెంటు వేసి, కారును అందులో కూర్చోబెట్టారు. దాని బాగోగులు చూసే బాధ్యత యోగేందర్‌కు అప్పగించారు. యోగేందర్‌ది అల్మాస్‌గూడ. గ్రూప్-టూ కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో చేరి, తెలంగాణ వస్తే తప్ప ఉద్యోగం రాదని గ్రహించి, పుస్తకాలు మూసేసి ఉద్యమంలోకి దూకిన కుర్రాడు. కారుకు రోజూ దండలు మార్చేవాడు. సాయంత్రం కాగానే పత్రికలకు హెల్త్ బులెటిన్ రాసి పంపేవాడు: "టైర్లలో గాలి నిలకడగా ఉంది. హెడ్‌లైట్లలో కొంత నీరసం కనబడుతోంది." సంఘీభావం తెలపడానికి వచ్చినవాళ్లు టెంటు ముందే వంటావార్పు పెట్టుకుని, దీక్షలో ఉన్న కారు ఎదుట తినడానికి మొహమాటపడి, అటు తిరిగి తినేవారు.

పొద్దున పూట మాత్రం కారు దగ్గర బిక్షమయ్యే ఉండేవాడు. తెల్లారకముందే కార్యకర్తలందరి చేతికీ డప్పులిచ్చి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రభాతఫేరీకి పంపేసేవాడు.

"మీరు పోయి జనాన్ని లేపుండ్రి. నేను పరదాలు దించుకొని దీనితోని జర మాట్లాడుకుంట. ఒక్కతే ఉంటే పరేషానైతది," అనేవాడు.

నాయకుడంటే ఇలా ఉండాలని యోగేందర్ కళ్లు తుడుచుకునేవాడు.

అలా వారం దాటింది. ఒకరోజు ప్రభాతఫేరీ నుంచి అందరికంటే ముందు తిరిగొచ్చిన యోగేందర్‌కు టెంటులో ఏదో శబ్దం వినిపించింది. గుర్ర్‌ర్‌ర్... సరిగ్గా బానెట్ కింది నుంచి. పక్కనే కుర్చీలో బిక్షమయ్య కండువాతో చెమట తుడుచుకుంటున్నాడు.

"అన్నా, గిదేంది? బంద్ పెట్టిన ఇంజను సప్పుడు చేస్తున్నది?"

బిక్షమయ్య ఉలిక్కిపడ్డాడు. కారు వంక చూశాడు. యోగేందర్ వంక చూశాడు. నాయకత్వ లక్షణాలు ఇలాంటప్పుడే బయటపడతాయి.

"ఆకలి తమ్మీ. పేగులు అరుస్తున్నయ్."

కాసేపటికి గుర్రుమనడం ఆగింది. టిక్... టిక్... మొదలైంది.

"మరి గిదేందన్నా?"

"ఎక్కిళ్లు."

యోగేందర్ గుండె తరుక్కుపోయింది. పరిగెత్తుకెళ్లి వేదిక వైద్య విభాగం కన్వీనరు డాక్టర్ ప్రసన్నకుమార్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పళ్ల డాక్టరు. అయినా వెనుకాడలేదు. బానెట్ మీద స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు.

"జ్వరం గూడ ఉన్నది. హై ఫీవర్."

జనం గుమిగూడారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ గొడవ విని ఎదురింట్లోంచి చక్రపాణి బయటికొచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. ఎప్పుడో బందరు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాడు. ఆయనకూ అదే రకం కారుంది.

"ఏమీ అనుకోకండి బాబూ. ఇంజను వేడెక్కాక బండి ఆపితే రేడియేటర్ ఫ్యాను కాసేపు అలాగే తిరుగుతుందండీ. ఆ టిక్కుటిక్కు ఇనుము చల్లారుతున్న చప్పుడు. బయట తిరిగొచ్చినప్పుడల్లా మాదీ ఇంతే," అన్నాడు.

జనం బిక్షమయ్య వంక తిరిగారు.

"విన్నరా!" బిక్షమయ్య లేచి నిలబడ్డాడు. "మన ఆకలిని పట్టుకొని ఫ్యాను అంటున్నరు! అరవయ్యేండ్ల సంది గిదే మాట!"

"జై తెలంగాణ!" అని టెంటు దద్దరిల్లింది.

"జై తెలంగాణే లెండి. నేను ఫ్యాను సంగతి చెబుతున్నా," అని చక్రపాణి నసిగాడు.

"మా ఆకలి మీకు సమజ్ కాదు అంకుల్," అన్నాడు యోగేందర్. కోపంగా కాదు, బాధగా.

ఆ సాయంత్రం బులెటిన్‌లో "కారు పరిస్థితి విషమం" అని రాశాడు. మర్నాడు పేపర్లు మొదటి పేజీలో వేశాయి. టీవీల వాళ్లు బానెట్ ముందు మైకులు పెట్టి ఆకలి కేకలను లైవ్‌లో వినిపించారు. వచ్చే ఎన్నికల్లో టికెట్ బిక్షమయ్యకేనని టెంటులో అందరూ అనుకున్నారు. బిక్షమయ్య అందరికంటే ముందే అనుకున్నాడు.

ఆ ఉత్సాహం చల్లారకముందే సర్కిల్ ఇన్‌స్పెక్టరు క్రేన్ వెంటబెట్టుకుని వచ్చాడు.

"పరిస్థితి విషమమని మీరే రాశారు. దీనికి ఏమన్నా అయితే లా అండ్ ఆర్డర్ ప్రాబ్లం. పైనుంచి ఆర్డరొచ్చింది, దీక్ష భగ్నం చేస్తున్నాం."

"సస్తే సస్తది గని నా కారు పెట్రోలు ముట్టది!" అంటూ బిక్షమయ్య బానెట్ మీద బోర్లా పడుకున్నాడు. పడుకున్నంత వేగంగానే లేచి పొట్ట తడుముకున్నాడు. "ఎక్కడికి తీస్కపోతున్నరు?"

"ఎల్బీ నగర్ బంకుకు."

బిక్షమయ్య మొహం పాలిపోయింది. "గా బంకుకు మాత్రం వద్దు సార్, దండం పెడత. చంపాపేట కాడ పోయించుండ్రి."

"సమ్మెకి అవన్నీ మూసేశారు. తెరిచింది అదొక్కటే."

ఏ బంకులో దీక్ష విరమించాలన్న దాని మీద కూడా అన్నకు ఇంత పట్టింపు ఉండడం యోగేందర్‌ను కదిలించింది. క్రేన్‌కు వేలాడుతూ కారు బయల్దేరింది. ముందు డప్పులు, వెనక కెమెరాలు. యోగేందర్ డోరు మీద చెయ్యేసి పక్కనే నడిచాడు. "జర ఓపిక పట్టు. అచ్చినం, ఇంకింతే," అని దారి పొడుగునా దానికి ధైర్యం చెప్పాడు.

బంకులో పెట్రోలు పోసే సుక్కమ్మ మూత తీసి పైపు లోపల పెట్టింది. నొక్కీ నొక్కకముందే పెట్రోలు పైకి తన్నుకొచ్చి ఇన్‌స్పెక్టరు బూట్ల మీద పడింది.

"ట్యాంకు నిండుగున్నది సార్," అంది సుక్కమ్మ. అంతలో కండువా మొహానికి కప్పుకుని జనం వెనక్కు జారుకుంటున్న మనిషిని గుర్తుపట్టింది. "ఏందన్నా, పొద్దుగాలనే ఫుల్ కొట్టిన గద! విజయవాడ సార్లకు ప్లాట్లు చూపెట్టి ఒస్తున్ననంటివి, అంతల్నే క్రేనుకేసుకొని ఒస్తివి. రోజూ తోలుడేనాయె. దానికి జర రెస్టియ్యరాదు?"

డప్పుల వాళ్లకు ఇదేమీ వినపడలేదు. దీక్ష విజయవంతంగా ముగిసిందనుకుని దరువు అందుకున్నారు.

ఓ టీవీ విలేకరి జనాన్ని తోసుకుంటూ వచ్చి యోగేందర్ మూతి దగ్గర మైకు పెట్టాడు. "బులెటిన్లు రాసేది మీరే కదా? కారు ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది?"

యోగేందర్ డోరు మీది నుంచి చెయ్యి తీసేశాడు. కారును కాసేపు ఎగాదిగా చూశాడు.

"కడుపు నిండున్నది సార్," అన్నాడు.

పొద్దుటి నుంచి తను టీ కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.