హీరో బండి నెంబరు ప్లేటు

ఆ ఉదయం కృపానిధి పెట్టుకున్న పని చిన్నదే. భార్య జ్ఞానసుందరి ఫొటో కింద ఆమె పాత మోపెడ్ నెంబరు ప్లేటు తగిలించాలి. ఆమె పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. సాయంత్రం ఆరింటికి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు వస్తారు, చర్చివాళ్ళు వస్తారు. పార్వతీపురం నుంచి కూతురు రూబీ ముందురోజే వచ్చి పెరట్లో వంట పనులు చూసుకుంటోంది. ఈలోగా గోడకు ఒక రేకు తగిలించడానికి ఎంతసేపు పడుతుంది?

గోడ మీద చోటు దొరకడమే కష్టం. బొబ్బిలిలో నెంబరు ప్లేట్లు రాసి బతికిన కృపానిధికి ఒక సినిమా హీరో అంటే పిచ్చి. ఆ హీరో పేరు చెప్పను. చెబితే ఇంకో హీరో అభిమానులు కథ ఇక్కడే ఆపేస్తారు. ముందుగది గోడల నిండా ఆయనగారి కార్ల ఫ్యాన్సీ నెంబరు ప్లేట్లు, ముప్పై తొమ్మిది. అన్నీ కూడితే తొమ్మిది వచ్చేవే. అలమరలో ఆయన పెట్టుకున్న నల్లకళ్ళద్దాలు, ఆయన చెయ్యి తుడుచుకున్న టవలు. భోగాపురం దగ్గర షూటింగు జరిగినప్పుడల్లా డ్రైవర్లను మంచి చేసుకుని సంపాదించానని కృపానిధి చెప్పేవాడు. రెండు జిల్లాల నుంచీ జనం వచ్చి చూసి, పక్కన నిలబడి ఫొటోలు దిగి వెళ్ళేవారు.

నిజం తెలిసిన మనిషి ఒక్కతే. ప్లేట్లన్నీ పెరట్లో కూర్చుని కృపానిధే రాశాడని, టవలు బొబ్బిలి బజారులో కొన్నదని జ్ఞానసుందరికి తెలుసు. ఎవరి దగ్గరా నోరు జారలేదు. ఒక్కసారి మాత్రం అడిగింది: "అంతమందికి గోడ మీద సోటిచ్చినారు. నా బండిది ఎక్కడున్నాదండీ?" మంచం కింద ఉందని చెప్పి కృపానిధి నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. అందుకే ఆయనకు ఇప్పుడు నిద్ర పట్టదు.

ఆ మోపెడ్ మీద ఆమె ఇరవై రెండేళ్ళు ఏఎన్ఎమ్‌గా ఊళ్ళు తిరిగింది. వెనక టీకాల పెట్టె కట్టుకుని ఎండా వానా లేకుండా తిరిగి, రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుందనగా పోయింది. బండి అంతకుముందే పాత ఇనుప సామాను కొట్టుకు పోయింది. మిగిలింది ఈ రేకు ముక్క, ఏపీ 35 సి 4527. చర్చివాళ్ళందరూ వచ్చేసరికి అది గోడ మీద ఉండాలి. అంతకుమించి కృపానిధికి వేరే కోరిక లేదు.

కానీ హీరోగారు కూడా ఆ రోజే పుట్టాడు. పుట్టినరోజు సందర్భంగా విజయనగరంలో అభిమాన సంఘం ప్రదర్శన పెట్టింది. సంఘం అధ్యక్షుడు ఉపేంద్ర ఈ ముప్పై తొమ్మిది ప్లేట్లనూ అరువడిగాడు. గోడ ఖాళీ అవుతుంది కదా అని కృపానిధి సంతోషంగా ఒప్పుకున్నాడు. అన్నిటినీ దింపి మంచం మీద పేర్చాడు. భార్య ప్లేటు మాత్రం తుడిచి టేబులు మీద పెట్టి పూలబజారుకు వెళ్ళాడు.

ప్రతి ప్లేటు వెనకా అది ఏ బండిదో చీటీ రాసి అంటించడం ఆయనకు వృత్తితో వచ్చిన అలవాటు. జ్ఞానసుందరి మోపెడ్ కంపెనీ పేరు హీరో. అందుకని ఆ చీటీ మీద 'హీరో బండి' అని రాసి ఉంది. ట్రాలీ ఆటోతో వచ్చిన ఉపేంద్ర ప్లేటు తిప్పి దాన్ని చూశాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు, ఫోను చేశాడు.

"మావా, టేబులు మీద ఇంకోటున్నాది. ఎనకాల హీరో బండి అని రాసున్నాది. నిజవేనేటి?"

"నిజం కాకేటిరా. నా కాడున్నవాటిల్లో అసలైంది అదొక్కటే. పాతది, పెయింటు రాలిపోతాది. జాగర్తగా ఎట్టు."

తీసినచోటే జాగ్రత్తగా పెట్టమని ఈయన భావం. ప్రదర్శనలో జాగ్రత్తగా పెట్టమని ఉపేంద్రకు అర్థమైంది. బంతిపూలతో ఇంటికి వచ్చిన కృపానిధికి టేబులు బోసిగా కనిపించింది. ఉపేంద్రకు తొమ్మిదిసార్లు ఫోను చేశాడు. అవతల డప్పుల మోత తప్ప మాట వినపడలేదు. పూలబుట్ట రూబీ చేతిలో పెట్టి, బేగి వచ్చేస్తానని చెప్పి విజయనగరం బస్సెక్కాడు.

హాల్లో ముప్పై తొమ్మిది ప్లేట్లూ ఓ మూల ఉన్నాయి. నట్టనడుమ అద్దాల పెట్టెలో జ్ఞానసుందరి ప్లేటు ఉంది. దానికి పూలదండ, పసుపు, కుంకుమ బొట్లు. 'మన హీరో పేదరికంలో నడిపిన తొలి బండి' అని పైన బోర్డు. నాలుగంకెలూ కూడితే పద్దెనిమిది, మళ్ళీ కూడితే తొమ్మిది అని మైకులో ఒకరు లెక్క చెబుతుంటే జనం ఈలలు వేస్తున్నారు. పాలక్యాన్లు మోస్తూ పడిపోయినప్పుడు ఆ అంచు సొట్టపోయిందని ఇంకొకరు చెబుతున్నారు. అది వానలో పొంగిన గెడ్డ దాటి కాన్పుకు వెళుతూ జ్ఞానసుందరి పడ్డప్పటి సొట్ట. మోచెయ్యి చీరుకుపోయినా వెళ్ళి పురుడు పోసే వచ్చింది. కృపానిధి వరసలో నిలబడే ఏడ్చేశాడు. ముందున్న గున్నమ్మ అనే ముసలామె ఆయన్ని ఓదార్చి, ఇంత భక్తి తానెక్కడా చూడలేదని చెప్పి తన చోటు ఆయనకిచ్చింది. ఎవరో వీడియో కూడా తీశారు.

ప్లేటు ఇచ్చెయ్యమని అడిగితే ఉపేంద్ర వినిపించుకోకుండా వేదిక ఎక్కించి శాలువా కప్పాడు. ఐదింటికి దానికి పాలాభిషేకం ఉందని, అది కాగానే ఆటోలో పంపిస్తానని చెప్పాడు. ఐదింటికి పాలు పోస్తే ఆరింటికి బొబ్బిలి చేరేదెలా అని కృపానిధి మొత్తుకున్నాడు.

అంతలో శ్రీకాకుళం సంఘం అధ్యక్షుడు ఉమాశంకర్ లేచాడు. హీరోగారు కష్టకాలంలో తలదాచుకున్నది శ్రీకాకుళంలోని మేనమామ ఇంట్లో అని, తొలి బండి అక్కడే కొన్నాడని, అలాంటప్పుడు ప్లేటు మీద 30 ఉండాలి గానీ విజయనగరం 35 ఎలా వచ్చిందని నిలదీశాడు. ఇది తమ జిల్లా పరువు తీసే కుట్ర అన్నాడు. రెండు జిల్లాల వాళ్ళూ కుర్చీలెత్తారు. ఉపేంద్ర చెమటలు తుడుచుకుంటూ కృపానిధి చేతికి మైకు ఇచ్చాడు. "నువ్వే సెప్పు మావా. హీరోదే కదేటి?"

అవునంటే పరువు నిలుస్తుంది, ప్లేటు పోతుంది. కృపానిధి శాలువా సర్దుకున్నాడు.

"ఇది మా ఆవిడ బండిది. హీరో అన్నది కంపెనీ పేరు. మిగతా ముప్పై తొమ్మిదీ నేనే రాసినాను, అన్నీ దొంగవే. అవన్నీ మీరే ఉంచుకోండి. ఇదొక్కటి ఇచ్చెయ్యండి బాబూ, సాయంత్రం ఇంట్లో కూడికున్నాది."

ఉమాశంకర్ అప్పటికే ఫోను తీసి రవాణాశాఖ యాప్‌లో నెంబరు కొట్టి చూస్తున్నాడు. ఓనరు పేరులో సగం చుక్కలే వచ్చాయి గానీ, రకం దగ్గర మోపెడ్ అని, కంపెనీ దగ్గర హీరో అని స్పష్టంగా వచ్చింది. ప్లేటు నకిలీదని తేలిపోయింది. మరి మిగిలిన ముప్పై తొమ్మిది సంగతి? హాల్లో అందరూ ఏదో ఒక ఏడు వాటి పక్కన ఫొటో దిగినవాళ్ళే. తొమ్మిది అంకె తోక తన చేతి వంపేనని, కుంచె ఇస్తే ఇక్కడే రాసి చూపిస్తానని కృపానిధి బతిమాలాడు. భార్య పోయిన దుఃఖంలో మతి చెదిరి ఏదేదో మాట్లాడుతున్నాడని ఉపేంద్ర అన్నాడు. పాపం నిజమేనని ఉమాశంకర్ అన్నాడు. ఆ రోజు రెండు జిల్లాలూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

శాలువా వెనక్కి తీసుకున్నారు. అద్దాల పెట్టె తెరిచి, దొంగ ప్లేటు దొంగ ప్లేటు అంటూ చేతులు మారుస్తూ తెచ్చి ఆయన చేతిలో పడేశారు. బస్సులో ఆయన దాన్ని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. సీటు ఖాళీ అయినా దాన్ని పక్కన పెట్టలేదు.

ఇల్లు చేరేసరికి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేశారు. కృపానిధి చెప్పులు విడిచి తిన్నగా వెళ్ళి, భార్య ఫొటో కింద ఆ రేకు తగిలించాడు. బొట్లు అలాగే ఉన్నాయి. రూబీ తడిగుడ్డ తెచ్చి, తుడిచెయ్యనా అని మెల్లగా అడిగింది.

"ఉండనీమ్మా. రిటైర్మెంటుకి మీ అమ్మకి ఒక్క దండ పడనేదు. ఇయ్యాల అంతమంది దండమెట్టినారు. ఎవరికెడతన్నారో ఆళ్ళకి తెలీకపోతే ఏటైపోనాది," అని, అందరి ముందూ నేల మీద చతికిలబడి బావురుమన్నాడు. పాస్టరుగారు ఒకసారి కుంకుమ వైపు చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థన ఇంకాస్త పొడిగించారు.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. ప్రదర్శనలో ఒక నకిలీ ప్లేటు పట్టుబడిందని, మిగతా ముప్పై తొమ్మిదీ అసలైనవేనని నిపుణులు నిర్ధారించారని.