క్లైవ్ చూపిన మట్టిదారి

ఆస్ట్రేలియాలోని గిప్స్‌ల్యాండ్‌లో రాత్రంతా వాన కురిసి, ఆదివారం పొద్దున్న ఎండ బాగా కాస్తోంది. మోటారు సైకిళ్ళ క్లబ్బు కొండ అవతలి పబ్బుకు భోజనానికి బయల్దేరింది. ఏటా అక్కడే, భోజనాల మీదే, కొత్త కెప్టెన్ను ఎన్నుకుంటారు. కొత్త కెప్టెన్ అనడమే గానీ, ఎన్నో ఏళ్ళుగా ఆ కొత్తాయన క్లైవే. కెప్టెన్‌గిరీ పోతే ఇక తానేమిటో ఆయనకే తెలీదు.

ఈసారి లిండ్సే అని ఒకడు దాపురించాడు. అడిలైడ్ నుంచి వచ్చాడు, ఇక్కడి దారులు ఒక్కటీ తెలీవు. హ్యాండిలుకు ఒక జీపీఎస్ డబ్బా బిగించుకున్నాడు. అది చెవిలో దారి చెబుతుంది. ఒక్కరోజు వాణ్ణి ముందు నడవనిద్దామని అందరూ సరదాపడ్డారు.

"మలుపు తప్పినా కసరదట, క్లైవ్. మెల్లగా మళ్ళీ చెబుతుందట," అంది వెనక సీట్లోంచి నోరీన్. ఆమె క్లైవ్ భార్య.

"నేను కసురుతానా?"

"ఇప్పుడు చేస్తున్నదేమిటి?"

పెట్రోలు బంకులో లిండ్సే కాఫీకి లోపలికెళ్ళగానే క్లైవ్ ఆ డబ్బా దగ్గరికి చేరాడు. 'తారురోడ్లు వద్దు' అని ఒక మీట కనిపించింది. నొక్కేశాడు. అందరి బళ్ళూ నిన్ననే కడిగి తుడిచినవి. బురదలో దొర్లితే వీణ్ణి ఎలా తిట్టిపోస్తారో దగ్గరుండి చూడాలని లిండ్సే వెనకే రెండోవాడిగా బయల్దేరాడు.

అక్కడే కొంప మునిగింది. ఆ క్లబ్బులో మలుపు వస్తే, రెండో స్థానంలో ఉన్నవాడు అక్కడ దిగి, నారింజరంగు కోటు వేసుకుని, వెనకవాళ్ళకు చేత్తో దారి చూపించాలి. గుంపులో ఆఖరి బండి వచ్చేదాకా కదలకూడదు. ఆ రూలు పెట్టింది క్లైవే. కదిలినవాణ్ణి క్లబ్బులోంచి పీకేసిందీ ఆయనే. ఎప్పుడూ ముందుండేవాడు గనక, తాను రెండోవాడైతే ఏమవుతుందో ఆయనకు తట్టనే లేదు.

హైవే వదిలి లిండ్సే బండి మట్టిదారిలోకి తిరిగింది. తిరుగుతూ క్లైవ్‌ను అక్కడ నిలబడమని చెయ్యి చూపించాడు.

"ఇటేనా గురూ? బురదగా ఉందే," అని ఒకడు బండి ఆపాడు.

క్లైవ్ మట్టిదారి వైపు చెయ్యి చాపాడు.

"నువ్వు చూపించాక ఇంకేం," అనుకుంటూ వాడు పోయాడు. ఆ వెనక వచ్చినవాళ్ళూ అదే మాట అన్నారు. తిట్లు ఎవరికి పడబోతున్నాయో క్లైవ్‌కు మెల్లగా తెలిసొచ్చింది.

ఆఖరి బండి మెర్ల్ది. ఆవిడ ఎంతకీ రాలేదు. ఈలోగా కార్ల వెనక చక్రాల ఇళ్ళు, కారవాన్లు, లాక్కుంటూ యాత్రికులు వచ్చారు. నారింజకోటు చూసి రోడ్డు పనివాడనుకున్నారు, చాపిన చెయ్యి చూసి మట్టిదారిలోకి తిరిగారు. క్లైవ్ వద్దు వద్దని చేతులూపాడు. త్వరగా పొమ్మంటున్నాడనుకుని ఇంకా వేగం పెంచారు. ముసలి దంపతులొకరు ఆగి, టీ ఉంది రమ్మన్నారు. నోరీన్ వెళ్ళి వాళ్ళ బండెక్కింది.

"నన్నొదిలేసి పోతావా?"

"రూలు నీకు. నాకు కాదుగా."

ఎండ నడినెత్తికెక్కాక మెర్ల్ వచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటినా బండి దిగని మనిషి. గడ్డానికి టమాటా సాసు అంటుకుని ఉంది.

"బేకరీలో మాంసం కూరిన పై రొట్టె వేడిగా ఉంటే ఆగానురా. నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

పబ్బు చేరేసరికి తిట్లకు బదులు చప్పట్లు వినిపించాయి. చప్పట్లు లిండ్సేకి. హైవే మీద గొర్రెల లారీ బోల్తాపడి దారి మూసేశారట. ఊరంతా అక్కడ ఇరుక్కుంటే, వీళ్ళూ కారవాన్లవాళ్ళూ హాయిగా వచ్చి వేయించిన గొర్రెమాంసం తింటున్నారు. బళ్ళు బురదముద్దలయ్యాయని ఒక్కరికీ బాధ లేదు.

"లిండ్సేనే కెప్టెన్," అన్నారెవరో.

"నేను తారురోడ్డే పెట్టాను. అది ఇటెందుకు తిప్పిందో నాకే తెలీదు. ఇందులో నా గొప్పేం లేదు," అన్నాడు లిండ్సే.

"ఎంత వినయమో చూడు," అంది నోరీన్.

అంతే, క్లైవ్ ఓర్చుకోలేకపోయాడు. లిండ్సేకి దారి తెలిసినా భరించేవాడేమో, వినయం కూడా ఉందంటే మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"వినయమూ లేదు, నా బొందా లేదు. ఆ దారి పెట్టింది నేను. వీడు కాఫీకెళ్ళినప్పుడు నేనే నొక్కాను."

అందరూ క్లైవ్ వైపు తిరిగారు.

"లారీ పడుతుందని నీకు ముందే తెలుసేమిట్రా?" అంది మెర్ల్.

"తెలీదు."

"మరెందుకు నొక్కావు?"

"మీరంతా బురదలో పడి వీణ్ణి తిడతారని," అన్నాడు క్లైవ్. నోరు జారాక గానీ తానేమన్నాడో ఆయనకు వినపడలేదు.

నోరీన్ ఫోర్కు కింద పెట్టి, మొగుడి వైపు చూడకుండా, "ఇక చేతులెత్తండి," అంది.

క్లైవ్‌కు రెండు ఓట్లు వచ్చాయి: ఒకటి తనది, రెండోది లిండ్సేది.